సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు: లోపం ఎక్కడ?

క్లుప్తంగా

సెల్ఫ్ జోరుగా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదంటే బ్యాటరీ మార్చడం చాలావరకు దండగ ఖర్చే. ఇంధనం, స్పార్కు, కంప్రెషన్ (సిలిండరులో గాలి, ఇంధనం నొక్కుకుపోవడం), ఈ మూడూ కలిసే సమయం – వీటిలో ఏదో ఒకటి తప్పి ఉంటుంది. లేదా తాళాన్ని కారు గుర్తుపట్టి ఉండదు. పైసా ఖర్చులేని పరీక్షలతో మొదలుపెడితే విడిభాగాల జోలికి పోకముందే సగం కారణాలు పక్కకు తప్పుకుంటాయి. రెండు సందర్భాల్లో మాత్రం, అంటే కారు నీట మునిగినప్పుడు, వాల్వులను పిస్టన్లతో జతగా నడిపే టైమింగ్ బెల్టు తెగిందని అనుమానం వచ్చినప్పుడు, మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టడమే పెద్ద నష్టం తెచ్చిపెడుతుంది.

ఒక్క మాటలో రెండు జబ్బులు

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల్లో తెలుగు, ఒడియా పక్కపక్కనే వినిపిస్తాయి. కారు మొరాయించినప్పుడు మెకానిక్‌కు చేసే ఫోను ఏ భాషలో సాగినా "స్టార్ట్ కావడం లేదు" అన్న ముక్కతోనే మొదలవుతుంది. ఆ ముక్కలో రెండు వేర్వేరు జబ్బులు ఇమిడి ఉన్నాయి. తాళం తిప్పితే 'టక్' మని ఆగిపోవడం, లేదా అసలు ఉలుకూ పలుకూ లేకపోవడం మొదటిది. అది బ్యాటరీ, దాని క్లిప్పులు, సెల్ఫ్ మోటారుకు సంబంధించిన వ్యవహారం. సెల్ఫ్ తన పని తాను చేసుకుపోతున్నా ఇంజిన్ అందుకోకపోవడం రెండోది. ఇక్కడ చర్చించేది ఈ రెండోదాన్నే.

సాలూరు నుంచి కొరాపుట్ వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారిపై సుంకి ఘాట్‌లో కారు ఆగిపోతే ఈ తేడా తెలిసి ఉండడం విలువ బాగా తెలుస్తుంది. బ్యాటరీ అనుకుని బ్యాటరీ తెచ్చిన మెకానిక్, ట్యాంకులో ఉండే పెట్రోలు పంపు కోసం మళ్ళీ కొండ దిగి రావాలి. నగరంలో ఇలాంటి పొరపాటు గంటలో సర్దుకుంటుంది. ఘాట్‌లో ఒక పూట పోతుంది.

సెల్ఫ్ చేసే పని, చేయని పని

సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను నిమిషానికి సుమారు 150 నుంచి 250 చుట్ల వేగంతో తిప్పుతుంది. అంతవరకే దాని బాధ్యత. ఆ కొన్ని చుట్లలో సిలిండర్లలోకి గాలి చేరాలి, సరిపడా ఇంధనం పడాలి, మిశ్రమం నొక్కుకుపోవాలి, సరిగ్గా ఆ క్షణంలో ప్లగ్గు మెరవాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా సెల్ఫ్ ఎంతసేపు తిరిగినా ప్రయోజనం ఉండదు.

అలాగని బ్యాటరీకి పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వలేం. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు అది 9.6 వోల్టులకన్నా దిగకూడదన్నది మెకానిక్కులు పాటించే లెక్క. పాతబడిన బ్యాటరీ సెల్ఫ్‌ను నీరసంగానైనా తిప్పగలదు. కానీ అదే సమయంలో ఇంజిన్ కంప్యూటర్‌కు, స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు, పంపుకు చాలినంత కరెంటు మిగల్చలేదు. అందుకే 'తిరుగుతోందా' అన్న ప్రశ్నతో పాటు 'ఎంత వేగంగా తిరుగుతోంది' అన్నదీ అడగాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు డాష్‌బోర్డు దీపాలు మసకబారిపోతుంటే ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోవడమే మేలు.

కారు ఆగిందంటే చుట్టూ నలుగురు చేరి తోయడం మన దగ్గర ఆనవాయితీ. తోయడం వల్ల జరిగేది ఒక్కటే: సెల్ఫ్ చేయాల్సిన పని చక్రాలు చేస్తాయి. సెల్ఫ్ ఇప్పటికే బాగా తిరుగుతుంటే తోపుడు కొత్తగా ఇచ్చేదేమీ ఉండదు. బ్యాటరీ నీరసించిన మాన్యువల్ గేర్ల కారుకు మాత్రమే ఆ కండబలం పనికొస్తుంది. ఆటోమేటిక్ గేర్ల కారుకు అదీ లేదు.

ముందు చెవి పెట్టాలి

పెట్రోలు కారులో మొదటి పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. కిటికీ అద్దాలు మూసి, ఏసీ, పాటలు ఆపి, తాళాన్ని సెల్ఫ్ దాకా తిప్పకుండా 'ఆన్'లో ఉంచాలి. వెనక సీటు కింది నుంచి రెండు మూడు సెకన్లపాటు సన్నని 'జుమ్మ్' శబ్దం వచ్చి ఆగిపోవాలి. ట్యాంకులో మునిగి ఉండే పెట్రోలు పంపు లైనులో ఒత్తిడి పెంచుతున్న చప్పుడది. కంప్యూటర్ అదుపులో ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే సాధారణ ఇంజెక్షన్ కార్లలో ఆ ఒత్తిడి సుమారు 3 నుంచి 4 బార్లు. శబ్దం వచ్చిందంటే పంపు పూర్తిగా ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. కరెంటు అందుతోంది, మోటారు తిరుగుతోంది అన్నంతవరకు రూఢి అవుతుంది. శబ్దమే లేకపోతే వెతకాల్సిన చోటు ఒక్కసారిగా చిన్నదైపోతుంది: ఫ్యూజు, రిలే (కరెంటును కలిపే చిన్న స్విచ్), వైరు, పంపు.

వీటిలో రిలే పరీక్ష చాలా సులువు. ఫ్యూజుల పెట్టెలో హారన్‌కూ, పంపుకూ ఒకే నంబరు రిలేలు వాడే కార్లు ఉన్నాయి. నంబరు సరిపోతే రెండింటినీ ఒకదాని స్థానంలో మరొకటి పెట్టి చూస్తే చాలు. ఇంజిన్ అందుకుని హారన్ మూగబోయిందంటే దొంగ దొరికినట్టే.

ప్రమాదం జరిగినప్పుడు పెట్రోలు సరఫరా ఆపేసే స్విచ్ కొన్ని మోడళ్ళలో ఉంటుంది. గోతిలో చక్రం గట్టిగా పడినా ఆ స్విచ్ పొరబడవచ్చు. దాని మీది బొత్తాన్ని నొక్కితే తిరిగి యథాస్థితికి వస్తుంది. అది తమ కారులో ఉందో లేదో, ఉంటే ఎక్కడుందో యజమానులు పుస్తకం తెరిచి చూసే సందర్భాలు తక్కువ.

పంపు విషయంలో ఘాట్ రోడ్డుకు ఒక ప్రత్యేకత ఉంది. ట్యాంకులో పెట్రోలు అడుగంటినప్పుడు కారును ఏటవాలులో నిలిపితే మిగిలిన కాస్తా ఒక మూలకు చేరుతుంది. పంపు నోటికి గాలే అందుతుంది. మీటరులో ముల్లు ఇంకా కొంచెం పైనే కనిపిస్తుంది కాబట్టి అనుమానం అటు పోదు. కారును చదునైన చోటికి చేర్చడం, లేదా రెండు మూడు లీటర్లు పోయించడం ఇక్కడ పరీక్షా అవుతుంది, వైద్యమూ అవుతుంది. పైగా పంపు మోటారును చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ రిజర్వులోనే నడిపే కారులో పంపు ముందుగా అలసిపోవడంలో వింత లేదు. అలా అరిగిన పంపు, ట్యాంకు అడుగున పిడికిలితో నాలుగు దెబ్బలు వేస్తే ఒక్కోసారి లేచి కూర్చుంటుంది. అది బాగుపడినట్టు కాదు, జబ్బు తనదేనని ఒప్పుకున్నట్టు. ఆ ఒక్క ప్రయాణంలో షెడ్డుకు చేర్చుకోవాలి.

ఎలుకల సంగతి విడిగా చెప్పాలి. వరి కోతల రోజుల్లో కళ్ళం పక్కన రాత్రంతా నిలిపిన కారులో ఇంజిన్ వెచ్చదనం వాటికి మంచి ఇల్లు. బానెట్ ఎత్తగానే ప్లాస్టిక్ మూత మీద నాలుగు ఊక పొట్టులు, రెండు గడ్డిపరకలు కనిపిస్తే ఆ కింద చూడాల్సింది ఇంజెక్టర్ల వైర్లనే. పైతొడుగు చెక్కేసి లోపలి రాగి ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. కొన్నిసార్లు వైరు పూర్తిగా తెగదు, ఒకటి రెండు పోగుల మీద వేలాడుతుంది. నిన్న సాయంత్రం బాగా నడిచిన కారు తెల్లవారేసరికి మొండికేస్తే, లోపాల కోడ్లు చదివే స్కానర్ తగిలించే ముందు టార్చిలైటు వేసి చూడడం మంచిది.

తడి ప్లగ్గు, పొడి ప్లగ్గు

పంపు వినిపించింది, సెల్ఫ్ తిరిగింది, అయినా ఇంజిన్ పట్టలేదు. ఇప్పుడు సాక్ష్యం చెప్పాల్సింది స్పార్క్ ప్లగ్గు. నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టాక ఒక ప్లగ్గు విప్పి చూస్తే దాని కొన తడిగా ఉండి పెట్రోలు వాసన గుప్పుమంటుంది, లేదా పొడిగా ఉంటుంది. తడి అంటే పెట్రోలు వస్తోంది, మండడం లేదు. కాబట్టి స్పార్కు వైపు చూడాలి. పొడి అంటే స్పార్కు మాట తర్వాత, ఇంధనమే లోపలికి రాలేదు. ఇంత చిన్న తనిఖీ అనుమానితుల జాబితాను దాదాపు సగానికి కోసేస్తుంది.

తడి ప్లగ్గుకు ఇంకో అర్థమూ ఉంది: పెట్రోలు మరీ ఎక్కువై ఇంజిన్ ముంచెత్తుకుపోవడం. చల్లని ఉదయం కారును వాకిట్లోంచి పది అడుగులు జరిపి వెంటనే ఆపేసినప్పుడు ఇది తరచుగా ఎదురవుతుంది. విరుగుడు తేలికే. యాక్సిలరేటర్‌ను నేల దాకా తొక్కి పట్టి అయిదారు సెకన్లు సెల్ఫ్ కొడితే చాలా ఇంజెక్షన్ కార్లలో కంప్యూటర్ పెట్రోలు ఆపి గాలి మాత్రమే పంపుతుంది. యాక్సిలరేటర్‌ను పదేపదే తొక్కడం కార్బ్యురేటర్ రోజుల అలవాటు. అప్పుడు ఒక్కో తొక్కుడుకూ కాస్త పెట్రోలు చిమ్మేది. ఇంజెక్షన్ కారులో ఆ తొక్కుడు వల్ల ఒరిగేదేమీ లేదు.

విప్పిన ప్లగ్గును ఇంజిన్‌కు ఆనించి స్పార్కు చూడడం పాత పద్ధతి. నేటి కాయిళ్ళు ఇరవై వేల వోల్టులకు పైగా పుట్టిస్తాయి. పక్కనే పెట్రోలు ఆవిరి. ఎర్త్ సరిగా అందకపోతే కాయిలో, కంప్యూటరో దెబ్బతినవచ్చు. ఇందుకోసమే దొరికే స్పార్క్ టెస్టరు చవకైన పనిముట్టు. అది లేనిచోట ఈ పరీక్ష మానుకోవడమే నయం.

తాళం గుర్తు వెలుగుతోందా?

ఇంతవరకు చూసినవన్నీ బాగున్నా కంప్యూటర్ అనుమతి లేకపోతే ఇంజిన్ నడవదు. తాళం చెవిలోని చిన్న చిప్పును కారు గుర్తించకపోతే కొన్ని మోడళ్ళలో సెల్ఫ్ కూడా తిరగదు. మరికొన్నింటిలో సెల్ఫ్ తిరుగుతుంది గానీ పెట్రోలు రాదు, లేదా ఇంజిన్ ఒక్క క్షణం అందుకుని ఆరిపోతుంది. డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మిణుకుమిణుకుమంటే రెండో తాళంచెవితో ప్రయత్నించాలి. మామూలు తాళాల్లోని ఈ చిప్పుకు రిమోట్ బ్యాటరీతో పని లేదు. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో మాత్రం రిమోట్ బ్యాటరీ అయిపోయినప్పుడు, చాలా మోడళ్ళలో రిమోట్‌నే ఆ బటన్‌కు ఆనించి నొక్కితే సరిపోతుంది.

ఘాట్ ఎక్కాక మొండికేసే కారు

కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సాలూరు వైపు నుంచి వచ్చే కారు ఎక్కువ దూరం తక్కువ గేర్లలోనే మెలికలు ఎక్కుతుంది. పైకి చేరాక టీ కోసం పావుగంట ఆగుతారు. ఇంజిన్ ఆగగానే దాన్ని చల్లబరిచే నీటి ప్రవాహమూ, గాలీ ఆగిపోతాయి. లోపల నిలిచిన వేడి చుట్టూ ఉన్న భాగాల్లోకి పాకుతుంది. తిరిగి తాళం తిప్పితే సెల్ఫ్ హుషారుగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం పలకదు. అరగంట తర్వాత ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది.

ఈ తీరు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది క్రాంక్ సెన్సరును. ఇంజిన్‌లోని క్రాంక్ షాఫ్టుతో పాటు ఒక పళ్ళ చక్రం తిరుగుతుంది. చాలా ఇంజిన్లలో అరవై పళ్ళకు చోటు ఉండి, రెండు పళ్ళు కావాలనే తీసేసి ఉంటాయి. ఆ ఖాళీ సెన్సరు ముందు నుంచి పోయిన ప్రతిసారీ పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్ లెక్కగట్టుకుంటుంది. ఆ సంకేతం అందకపోతే ఇంజిన్ తిరుగుతున్న సంగతే దానికి తెలియదు. ఇక ఇంజెక్టరు తెరవదు, ప్లగ్గు వెలిగించదు. పాతబడిన సెన్సరులో సన్నని తీగచుట్ట వేడికి వ్యాకోచించి తెగినట్టవుతుంది, చల్లారాక మళ్ళీ కలుస్తుంది. సంకేతం బలం చక్రం వేగాన్ని బట్టి ఉండే రకం సెన్సర్లలో, సెల్ఫ్ నీరసంగా తిరిగితే అసలే బలహీనమైన సంకేతం మరింత సన్నగిల్లుతుంది. రెండు చిన్న లోపాలు కలిసి ఒక పెద్ద లోపంగా కనిపించడం ఇలాగే.

సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ముల్లును గమనించడం మంచి చిట్కా. చాలా కార్లలో అది కొద్దిగా లేస్తుంది. సున్నా మీద కదలకుండా పడుకుంటే సెన్సరు మీద అనుమానం బలపడుతుంది. రుజువు మాత్రం స్కానరే ఇవ్వాలి.

ఎత్తు వల్లే ఇంజిన్ అందుకోవడం లేదన్న వాదన కూడా వినిపిస్తుంటుంది. కొరాపుట్ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రతీరంతో పోలిస్తే పది శాతం దాకా తక్కువ. కార్బ్యురేటర్ కార్లలో అది మిశ్రమంలో పెట్రోలు వంతు పెంచి తేడా చూపించేది. నేటి కంప్యూటర్ గాలిని కొలిచి పెట్రోలును సర్దుకుంటుంది. కాబట్టి ఈ ఎత్తును నిందించడానికి కారణం లేదు.

డీజిల్ లెక్క వేరు

డీజిల్ ఇంజిన్‌కు ప్లగ్గు మెరుపు అక్కర్లేదు. నొక్కుకుపోయిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది. కామన్ రైల్ ఇంజిన్లలో రైలు అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం. అందులో ఒత్తిడి దాదాపు 200 బార్లు దాటేదాకా కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. ఆ ఒత్తిడి రాకపోవడానికి మామూలు కారణం లైనులో గాలి పట్టడం. డీజిల్ పూర్తిగా అయిపోయాక పోయించినా, ఫిల్టరు మార్చినా గాలి చేరుతుంది. చేతి పంపు బిగిసేదాకా నొక్కి గాలి తీయడం తెలిసిన వైద్యమే.

ఇంకో కారణం ఇంజెక్టర్ల అరుగుదల. దీన్ని పట్టే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ప్రతి ఇంజెక్టరు నుంచి వెనక్కి వచ్చే సన్నని గొట్టాన్ని విప్పి ఒక్కో చిన్న సీసాలో పెడతారు. నాలుగు సీసాలు వరుసగా వేలాడుతుంటే సెల్ఫ్ కొడతారు. మూడింటిలో అడుగున తడి మాత్రమే ఉండి ఒకటి గబగబా నిండుతుంటే, ఒత్తిడంతా ఎటు కారిపోతోందో వేరే చెప్పనక్కర్లేదు.

చలికాలపు తెల్లవారుజామున సిమిలిగుడ, పొట్టంగి పరిసరాల్లో సిలిండర్లను ముందే వేడిచేసే గ్లో ప్లగ్గుల పనితనం బయటపడుతుంది. డాష్‌బోర్డులోని చుట్ట ఆకారపు దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. ఆగే ఓపిక లేక గాలి గొట్టం దగ్గర పెట్రోలు గుడ్డో, ఈథర్ స్ప్రేయో పెట్టే అలవాటు ప్రమాదకరం. కాలుతున్న గ్లో ప్లగ్గుకు అది తగిలితే పిస్టన్ పైకి రాకముందే పేలుడు జరిగి రింగులు, పిస్టన్లు విరగవచ్చు.

నింద పెట్రోలు మీదకు ఎందుకు పోతోంది

పెట్రోలు ధర ఆంధ్రలో కన్నా ఒడిశాలో తక్కువ కావడంతో సరిహద్దు దాటి నింపుకునేవారు ఎక్కువే. దాంతో కారు ఆగితే "అక్కడి పెట్రోలు వల్లే" అన్న తీర్పు తేలిగ్గా వచ్చేస్తుంది. 2025లో దేశం పెట్రోలులో 20 శాతం ఇథనాల్ మిశ్రమ లక్ష్యాన్ని చేరాక ఆ తీర్పుకు కొత్త బలం చేకూరింది.

ఇందులో నిజమెంత? లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. అంటే 20 శాతం మిశ్రమంలో తగ్గేది ఆరేడు శాతం. అది మైలేజీలో తెలుస్తుంది, కారును ఉన్నపళంగా ఆపదు. ఆవిరి కావడానికి ఇథనాల్‌కు ఎక్కువ వేడి కావాలి కనుక చలి ఉదయాల్లో ఇంజిన్ అందుకోవడం కాస్త ఆలస్యం కావచ్చు. పాత కార్లలో రబ్బరు భాగాల మీద ప్రభావం నెలల తరబడి సాగే వ్యవహారం. నిజంగా భయపడాల్సింది నీటికి. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. నీరు హద్దు మించితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పంపు నోరు ఉండేదీ అడుగునే. వానాకాలంలో పెట్రోలు పోయించిన కొద్ది కిలోమీటర్లకే కారు ఆగితే ఈ కోణం చూడదగ్గదే. మంటకు దూరంగా గాజు సీసాలోకి కాస్త తీసి కదపకుండా ఉంచితే రెండు పొరలు కంటికే కనిపిస్తాయి. ఒకే బంకులో అదే పూట నింపుకున్న ఇతర వాహనాలు మామూలుగా తిరుగుతుంటే మాత్రం ఆ అనుమానం నిలవదు. ఫిల్టరు కాగితంతో పరీక్ష చేసి చూపమని బంకులో అడిగే హక్కు వినియోగదారుకు ఎలాగూ ఉంది.

సెల్ఫ్ కొట్టకూడని వేళ

ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌ను సెల్ఫ్ తిప్పినప్పుడు చప్పుడుకు ఒక లయ ఉంటుంది. పిస్టన్ గాలిని నొక్కే ప్రతిసారీ కాస్త బరువుగా, దాటగానే తేలికగా. ఆ లయ పోయి కుట్టుమిషను మోటారులా ఒకే తీరున, మామూలు కన్నా వేగంగా తిరిగితే కంప్రెషన్ లేదని అర్థం. టైమింగ్ బెల్టు తెగినప్పుడు వినిపించేది ఇదే. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే తెరిచి ఉన్న వాల్వులకు పిస్టన్లు తగులుతాయి. ఆపైన కొట్టే ప్రతి సెల్ఫ్ మరో వాల్వును వంచవచ్చు.

వంశధార, నాగావళి పొంగినప్పుడు కల్వర్టు దాటబోయి ఆగిన కారుదీ ఇదే కథ. గాలి గొట్టం గుండా సిలిండరులోకి చేరిన నీటిని పిస్టన్ నొక్కలేదు. వంగేది పిస్టన్‌ను క్రాంక్ షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్డే. అలాంటి కారును తాళం ముట్టకుండా లాక్కెళ్ళి, ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు విప్పి నీరు తీశాకే తిప్పాలి. నీటిలో స్టార్ట్ చేసినందువల్ల ఇంజిన్‌కు కలిగిన నష్టాన్ని సాధారణ బీమా పాలసీలు భరించవు. దానికి ఇంజిన్ రక్షణ పేరుతో అదనపు కవరు ఉండాలి.

మిగతా సందర్భాల్లోనూ ఒక్కో విడతకు పది సెకన్లు మించకుండా, మధ్యలో కనీసం అర నిమిషం ఆగుతూ సెల్ఫ్ కొట్టాలి. లేదంటే సెల్ఫ్ మోటారు వేడెక్కుతుంది, మండని పెట్రోలు పొగగొట్టంలో పొగను శుద్ధిచేసే కెటాలిటిక్ కన్వర్టరులోకి చేరుతుంది. సెన్సరు కోసం మొదలైన ఖర్చు అక్కడిదాకా పాకుతుంది.

స్కానర్ వచ్చాక

స్టీరింగ్ కింది సాకెట్‌కు తగిలించే స్కానర్ ఇప్పుడు చిన్న పట్టణాల షెడ్లలోనూ కనిపిస్తోంది. పీ0335 అంటే క్రాంక్ సెన్సరు సర్క్యూట్, పీ0087 అంటే రైలులో ఇంధన ఒత్తిడి తక్కువ. ఈ కోడ్లు లోపం ఏ వాడలో ఉందో చెబుతాయి, ఏ ఇంట్లో ఉందో చెప్పవు. పీ0335 కనబడగానే సెన్సరు మారిస్తే, అసలు దోషి దాని వైరును కొరికిన ఎలుక కావచ్చు. ఇంధన ఒత్తిడి కొలిచే సెన్సరు లేని పెట్రోలు కార్లలో పంపు చచ్చిపోయినా ఏ కోడూ రాకపోవడం సహజం. కోడ్ల కన్నా, సెల్ఫ్ తిరుగుతుండగా తెర మీద కదిలే అంకెలు ఎక్కువ చెబుతాయి: ఆర్‌పీఎం సున్నాలోనే ఉందా, వోల్టులు ఎంత దిగాయి, రైలు ఒత్తిడి ఎంతవరకు లేచింది.

స్కానర్ లేని చోట ఆ సమాచారంలో కొంత భాగం డ్రైవరే ఇవ్వగలడు. సెల్ఫ్ వేగంగా తిరిగిందా, వెనక సీటు కింద శబ్దం వచ్చిందా, ఆర్‌పీఎం ముల్లు లేచిందా, తాళం బొమ్మ వెలిగిందా – సుంకి ఘాట్ నుంచి ఫోనులో ఈ నాలుగింటికీ జవాబు దొరికితే, జయపురంలో బయలుదేరే మెకానిక్ సంచిలో పంపు పెట్టుకోవాలో సెన్సరు పెట్టుకోవాలో షెడ్డు దాటకముందే తేల్చుకోగలడు.